పేరు లేని వాపు: శబరి ఒడ్డున కాళ్లలోకి దిగుతున్న నీరు

వరి నాట్ల రోజుల్లో భద్రాచలం చుట్టుపక్కల ఏ వాడకు వెళ్లినా సాయంత్రం పూట ఒకే దృశ్యం. పొద్దంతా మడిలో వంగి వచ్చిన ఆడవాళ్లు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటారు. చీలమండ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకుంటారు. వేలు తీశాక చర్మం పైకి లేస్తే ఫరవాలేదు. గుంట అలాగే ఉండిపోతే "నీరు దిగింది" అంటారు. కొందరు "కాళ్లు పొంగినయ్" అంటారు. పెద్దవాళ్లు "ఉబ్బు రోగం" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. రాత్రికి ఉప్పు కలిపిన వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకుని, పొద్దున్నే మళ్లీ మడిలోకి దిగుతారు.

ఆ గుంట చాలాసార్లు ఏమీ కాదు. పగలంతా నిలబడిన కాలికి వచ్చే అలసట, తెల్లారేసరికి పోతుంది. కానీ కొన్నిసార్లు అది గుండె, మూత్రపిండం, రక్తం పంపే మొదటి కబురు. రెండింటికీ తేడా చెప్పడానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు, నాలుగైదు చవకైన పరీక్షలు చాలు. ఆ పరీక్షలు ఎవరికి అందుతాయి, ఎవరికి అందవు అన్నదే మేం ఇక్కడ మాట్లాడదలుచుకున్న విషయం. ఈ అడవి అంచున మనుషులు వాపుతో చనిపోయారు. ఆ వాపుకు ఇంతవరకు అందరూ ఒప్పుకున్న పేరు లేదు.

2016 చివరి నెలల్ని గుర్తు చేసుకోవాలి. వరరామచంద్రపురం, చింతూరు మండలాల్లో ఆదివాసులు ఒకరి తర్వాత ఒకరు కాళ్లు ఉబ్బి, ఆయాసంతో మంచాన పడ్డారు. కొందరు చనిపోయారు. పత్రికలు దానికి "కాళ్లవాపు వ్యాధి" అని పేరు పెట్టాయి. ఆ పేరు ఇప్పటికీ చెలామణిలో ఉంది. వైద్య శాస్త్రంలో అలాంటి వ్యాధి ఏదీ లేదు. కాళ్లవాపు ఒక లక్షణం. "జ్వరం వ్యాధితో చనిపోయారు" అంటే ఎంత తెలుస్తుందో, "కాళ్లవాపు వ్యాధితో చనిపోయారు" అంటే కూడా అంతే తెలుస్తుంది. అంబులెన్సులు వచ్చాయి, మంత్రులు మాట్లాడారు, ప్రతిపక్షం వచ్చి పరామర్శించింది. మూత్రపిండాలన్నారు, రక్తహీనత అన్నారు, గుండె అన్నారు, నీళ్లన్నారు, సారా అన్నారు. ఒక్కో నోట ఒక్కో మాట వినబడింది. కొన్నాళ్లకు మాటలూ ఆగిపోయాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లోనూ అదే ప్రాంతం నుంచి అడపాదడపా అదే మాటతో జిల్లా పేజీల్లో చిన్న వార్తలు వస్తూనే ఉన్నాయి.

ఆ మండలాలు అప్పటికి రెండేళ్ల క్రితం వరకు ఖమ్మం జిల్లావే. 2014 మే 29న వచ్చిన ఆర్డినెన్సు, ఆ తర్వాత జులైలో చట్టం, పోలవరం ముంపు కింద ఏడు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం తూర్పు గోదావరికి వెళ్లాయి. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పట్టణాన్ని ఆనుకున్న ఎటపాక లాంటి పంచాయతీలు అవతలి రాష్ట్రమయ్యాయి. అంతకుముందు తరతరాలుగా ఈ మనుషులకు ఆసుపత్రి అంటే భద్రాచలమే. విలీనం తర్వాత కాళ్లు ఉబ్బిన మనిషిని రిఫర్ చేసింది కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి. సుమారు 200 కిలోమీటర్లు, మధ్యలో మారేడుమిల్లి ఘాట్. కోయ తప్ప ఇంకో భాష సరిగా రాని మనిషి, తోడుగా వచ్చినవాడికి కూలి పోయిన రోజులు, తెలియని పట్నం. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చినప్పుడు జిల్లా కేంద్రం పాడేరు అయింది. చింతూరు నుంచి అక్కడికి వెళ్లాలంటే ఒక పగలు గడిచిపోయేది. గీత గీసినవాళ్లకు అది పటంలో ఒక గీత. ఆయాసంతో పడుకోలేని మనిషికి అది ఊపిరికి సంబంధించిన దూరం.

చింతూరు నుంచి రోడ్డు పట్టుకుని కొంచెం పైకి వెళితే శబరి ఒడ్డున కొంటా వస్తుంది. అది ఛత్తీస్‌గఢ్, సుక్మా జిల్లా. ఆ కొంటా బ్లాకులోనే రేగడగట్ట అనే ఊరుంది. 2022 జులైలో ఆ ఊరివాళ్లు కలెక్టరుకు ఒక ఉత్తరం రాశారు. 2020 నుంచి తమ ఊళ్లో 61 మంది చనిపోయారని, చేతులూ కాళ్లూ వాచి చనిపోయారని అందులో ఉంది. అధికారులు వెళ్లారు, లెక్క తీశారు. మూడేళ్లలో 47 మరణాలే జరిగాయని, అవన్నీ ఒకే కారణంతో జరిగినవి కావని చెప్పారు. నీళ్లు పరీక్షిస్తే కొన్ని చోట్ల ఫ్లోరైడ్, ఇనుము హద్దు దాటి ఉన్నాయన్నారు. ఫ్లోరైడ్ ఎముకల్ని ఏం చేస్తుందో నల్లగొండ మనకు చూపించింది, కానీ ఒక ఊరి నిండా వాపుకూ మరణాలకూ అదొక్కటే జవాబు కాదు. మాకు ఈ కథలో లెక్కల తేడా కంటే ఉత్తరమే పెద్ద విషయం. ఒక ఊరు తన చావుల్ని తానే లెక్కపెట్టుకుని, తానే కాగితం రాసుకుంటే తప్ప వైద్య బృందం కదల్లేదు. 61 తప్పయి 47 ఒప్పే అనుకుందాం. వెయ్యి మందికి కాస్త అటూ ఇటూగా ఉన్న ఊళ్లో మూడేళ్లకు 47 మాత్రం చిన్న సంఖ్యా?

దీని పక్కన ఇంకో వాపు కథ పెట్టి చూడండి. 1998 ఆగస్టులో ఢిల్లీలో జనానికి ఉన్నట్టుండి కాళ్లు వాచాయి, ఆయాసం వచ్చింది. 60 మందికి పైగా చనిపోయారు. వారాలు తిరక్కుండానే కారణం తేలింది. ఆవనూనెలో ఆర్గిమోన్ నూనె కలిసింది. మన పొలం గట్ల మీద పసుప్పచ్చ పూలతో ముళ్లతో ఉండే బలురక్కసి మొక్క గింజల నూనె అది. విడి ఆవనూనె అమ్మకం ఆపేశారు, నమూనాలు సేకరించారు, దేశమంతా ఆ జబ్బు పేరు నేర్చుకుంది. అదీ ఆదివాసీ పల్లెల్లో వచ్చినట్టే వచ్చిన వాపు, దాదాపు అంతే సంఖ్యలో చావులు. రాజధానిలో వాపుకు ఒక నెలలో పేరొచ్చింది. శబరి ఒడ్డున ఇన్నేళ్లయినా రాలేదు. డాక్టర్లకు తెలివి తక్కువై కాదు. ఎవరి కాలు వాచింది అన్నదాన్ని బట్టి ప్రయోగశాల తలుపులు తెరుచుకుంటాయి.

వాపు గురించి మనకు మనం తెలుసుకోవలసింది కొంత ఉంది. డాక్టరు దగ్గర ఏం అడగాలో తెలియాలంటే అది తప్పదు.

రక్తంలోని నీరు నాళాల గోడల గుండా కొంచెం కొంచెం బయటికి ఊరుతూ, మళ్లీ లోపలికి చేరుతూ ఉంటుంది. గుండె సరిగా తోడకపోతే వెనకాల నీరు నిలుస్తుంది. మోటారు ఆగిన బావిలో మట్టం పెరిగినట్టు. అలాంటి మనిషికి పడుకుంటే ఆయాసం పెరుగుతుంది, లేచి కూర్చుంటే కాస్త నయమనిపిస్తుంది. మూత్రపిండం చెడితే ఉప్పూ నీరూ బయటికి పోవు, లేదా రక్తంలో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలో పోతాయి. ఇక్కడ గుర్తు ఏమిటంటే పొద్దున లేవగానే ముఖం, కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో నురగ. కాలేయం చెడితే కాళ్లతో పాటు పొట్టలోకి నీరు చేరుతుంది, కళ్లు పచ్చబడొచ్చు. రక్తం బాగా తగ్గిపోయినా, తిండిలో మాంసకృత్తులు లేకపోయినా రెండు కాళ్లూ మెత్తగా వాస్తాయి. ఇవన్నీ సాధారణంగా రెండు కాళ్లకూ వచ్చేవి. ఒక్క కాలే, అదీ ఉన్నట్టుండి వాచి, పిక్క పట్టేసి వేడిగా ఉంటే లోపలి రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని అదే రోజు చూపించుకోవాలి, కాపడం పెట్టుకుంటూ కూర్చోకూడదు.

గర్భిణుల సంగతి వేరు. నెలలు నిండే కొద్దీ కాళ్లు కొద్దిగా వాయడం మామూలే. "కడుపుతో ఉన్నోళ్లకు కాళ్లు పొంగవా" అని మన అత్తమ్మలు అనేది అందుకే. కానీ వాపుతో పాటు తలనొప్పి, కళ్ల ముందు మసక, ముఖం చేతులు ఉబ్బడం ఉంటే అది బీపీ పెరిగిన గుర్తు. గుర్రపువాతం దాకా వెళితే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. బీపీ పట్టీ కట్టి చూడటం, మూత్రంలో ఒక కాగితపు పుల్ల ముంచి రంగు చూడటం, రెండూ కలిపి పది నిమిషాల పని. డోలీలో మోసుకొచ్చే ఊళ్లలో ఆ పది నిమిషాలు ఊళ్లోనే దొరకాలి, ఎనిమిదో నెలలో డోలీ ఎక్కాక కాదు.

పిల్లల్లో ఇంకొకటి. ఆరు నెలలు దాటిన పసిబిడ్డకు చేతులూ పాదాలూ వాచి, ముట్టుకుంటే ఏడుస్తుంటే అది దెబ్బ కాకపోవచ్చు. సికిల్ సెల్ జబ్బు చాలామందిలో మొదట అలాగే బయటపడుతుంది. కోయ ఊళ్లలో ఆ జబ్బు ఉందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. 2023 జులైలో కేంద్రం దాని నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పరీక్ష చేసి రంగు కార్డు చేతికివ్వడంతో మిషన్ పని అయిపోకూడదు. పాదం వాచిన బిడ్డను తల్లి ఎత్తుకొస్తే ఉప కేంద్రంలో ఉన్న ఏఎన్ఎంకు ఆ జబ్బు గుర్తుకు రావాలి.

ఈ జాబితాలో ఇంకో పేరుంది. దాని మీద కాసేపు ఆగాలి, ఎందుకంటే అది మన తెలుగు నేల చరిత్ర. బెరిబెరి. బి1 విటమిన్, అంటే థయామిన్, తిండిలో లేకపోతే వచ్చే జబ్బు. అందులో ఒక రకంలో నరాలు చచ్చుబడతాయి. ఇంకో రకంలో గుండె అలసిపోయి కాళ్లలోకి నీరు దిగుతుంది, ఆయాసం వస్తుంది, చూస్తూ ఉండగానే మనిషి పోతాడు. ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే గంజాం నుంచి మచిలీపట్నం దాకా, ఇది ఎంతగా ఉండేదంటే 1835లోనే మాల్కమ్‌సన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు దాని మీద ఒక పుస్తకమే అచ్చు వేశాడు. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒక్క గదిలో "బెరిబెరి ఎంక్వైరీ" పెట్టాడు. ఆ గదే పెరిగి, 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చి, ఈ రోజు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశంలోకెల్లా పెద్ద పోషకాహార సంస్థ పుట్టిందే కాళ్లలోకి నీరు దించే ఒక జబ్బును వెతకడానికి! అది మన రాజధానిలోనే ఉంది.

ఆ పరిశోధకులు తేల్చిన సంగతి వంటింటికి సంబంధించింది. సర్కారు జిల్లాల జనం మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్లు. దక్షిణాన ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఆ జబ్బు అంతగా లేదు. వడ్లను ఉడకబెట్టి ఎండబెడితే తవుడులోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. పచ్చి వడ్లను మరపడితే తవుడుతో పాటు అదీ పోతుంది. మిగిలిన కాస్తా బియ్యం నాలుగుసార్లు కడిగితే, గంజి వారిస్తే పోతుంది. దంపుడు బియ్యం, జొన్నలు, సామలు, కొర్రలు, కందులు తినే ఇంట్లో ఈ జబ్బు అడుగుపెట్టడం కష్టం.

ఇప్పుడు అడవి అంచు కంచం చూడండి. పోడు మీద కేసులు పడ్డాయి, చేలల్లో పత్తి, మిర్చి వచ్చాయి, జొన్న చేలు తగ్గాయి. కంచంలో మిగిలింది రేషన్ బియ్యం. వర్షాకాలంలో దారులు తెగినప్పుడు కొన్ని ఇళ్లలో అన్నం, పచ్చడి, అంతే. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. దొడ్డు బియ్యం మీకు, సన్న బియ్యం మాకు అనే పాత అవమానం పోయినందుకు మేం సంతోషించాం. సన్న అన్నం తినాలనే కోరికకు మేం ఎవరికీ సంజాయిషీ చెప్పం. కానీ సన్నదైనా దొడ్డుదైనా పాలిష్ పట్టింది పాలిష్ పట్టిందే. బలవర్ధక బియ్యం పేరుతో కలుపుతున్న గింజల్లో తప్పనిసరిగా ఉండాల్సినవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12. థయామిన్ కలపడం తప్పనిసరి కాదు. అదే కార్డు మీద కందిపప్పు, జొన్నలు ఎందుకు రావు అని అడగడం ఆరోగ్యం గురించి అడగడమే.

2016లోగానీ రేగడగట్టలోగానీ జరిగింది బెరిబెరి అని మేం అనడం లేదు. అలా అనడానికి రక్త పరీక్షలు కావాలి. మేం అంటున్నది వేరు. బెరిబెరి అయితే ఇంజెక్షన్ రూపంలో థయామిన్ ఇస్తే మనిషి గంటల్లో, రోజుల్లో తేరుకుంటాడు. అంత చవకైన మందు ఉన్న జబ్బును, కాళ్లవాపూ ఆయాసమూ కలిసి, ఒక ఊళ్లో పది మందికి వచ్చినప్పుడు మొట్టమొదట అనుమానించాలి. దాన్ని అనుమానించారా, లేదా? పరీక్షిస్తే ఏం తేలింది? ఆ కాగితాలు ఊరివాళ్ల ముందు ఎందుకు పెట్టలేదు? బాధితులకు తమ జబ్బు పేరు తెలుసుకునే హక్కు ఉంది.

పరీక్షల ఫలితాలు రాకముందే వచ్చేది మాత్రం ఒకటుంది, నింద. ఇప్పసారా తాగుతారు, జీలుగు కల్లు తాగుతారు, నిలవ మాంసం తింటారు, మందులు వాడరు, మంత్రగాళ్ల దగ్గరికి పోతారు. వాపును చూసి బలుపు అనుకున్నట్టు అని మన సామెత. ఇక్కడ వాపును బలుపు అనుకోరు, తాగుడు అనుకుంటారు. ఈ మాటలు ఆదివాసులకే కాదు, మాల మాదిగ వాడలకూ కొత్త కావు. కలరా వస్తే మా తిండి, పిల్లలు బక్కచిక్కితే మా తిండి, మా చావుకు మా తిండే సాక్షి. తాగుడు థయామిన్‌ను తగ్గిస్తుందన్నది నిజమే, కాలేయాన్ని చెడగొడుతుందన్నదీ నిజమే. అది దాచాల్సిన పని లేదు. వాడలో సారాకు వ్యతిరేకంగా మొదట లేచింది మా ఆడవాళ్లే. కానీ అదే తాగుడు పట్నంలో ఉద్యోగికి ఉంటే అతనికి లివర్ పరీక్ష రాస్తారు. అడవిలో మనిషికి ఉంటే హితబోధ చేస్తారు. ఆ హితబోధ ఎన్నిసార్లు విన్నా కాలిలో నీరు తీయదు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి, మనవాళ్ల నొప్పి అయినా సరే. మిర్చి కోతల నెలల్లో నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అని ఆర్ఎంపీ దగ్గరికి వెళితే నొప్పి గోళీలు, సూది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నెలల తరబడి. డైక్లోఫెనాక్ లాంటి గోళీలు వరసగా వాడితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి, మూత్రపిండం దెబ్బతింటుంది. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసే మనిషికి ఆ దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది. కాళ్లు వాచాయంటే అదే ఆర్ఎంపీ నీరు పోయే గోళీ ఇస్తాడు. మూత్రం ఎక్కువగా పోయి వాపు తగ్గినట్టే ఉంటుంది. లోపల చెడుతున్నది చెడుతూనే ఉంటుంది. అతన్ని తిట్టడం తేలిక. రాత్రి పదింటికి పిలిస్తే బండి మీద వచ్చేవాడు అతనొక్కడే. అతనిచ్చే చీటీ మీద మాత్రం ఏ గోళీనో రాయించుకోవాలి, తర్వాత డాక్టరుకు చూపించడానికైనా. బీపీకి వాడే అమ్లోడిపిన్ లాంటి గోళీతో కూడా కొందరికి పాదాలు వాస్తాయి. అది డాక్టరుతో చెప్పి మార్పించుకోవాలి, బీపీ గోళీ మానేయకూడదు.

పేరున్న వాపుకు, పేరు లేని వాపుకు తేడా ఏమిటో బోదకాలు చూపిస్తుంది. దోమ కాటుతో ఫైలేరియా పురుగులు చేరి, ఏళ్ల తరబడి కాలు మందమై, నొక్కితే గుంట పడని దశకు చేరే జబ్బు. పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి కాబట్టి పరీక్షకు రాత్రి రక్తం తీస్తారు. దానికి సామూహికంగా మందులు మింగించే కార్యక్రమం ఉంది, నిర్మూలనకు 2027 అనే గడువు ఉంది. తెలంగాణలో 2018 నుంచి బోదకాలు బాధితులకు ఆసరా పింఛను ఇస్తున్నారు, 2019లో అది 2,016 రూపాయలైంది. 2022 నుంచి డయాలసిస్ రోగులకూ ఆసరా వర్తిస్తోంది. శ్రీకాకుళం ఉద్దానంలో దశాబ్దాల పాటు మూత్రపిండాల చావులు లెక్కపెట్టాక, 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి. ఇవేవీ ఊరికే రాలేదు, జనం అడిగితే వచ్చాయి. కానీ గమనించండి, జబ్బుకు పేరు వచ్చాకే ఏదైనా వచ్చింది. కాలు మందమై ఎప్పటికీ తగ్గని దశకు చేరినవాళ్లకు పింఛను, మూత్రపిండం పూర్తిగా పోయి యంత్రం ఎక్కినవాళ్లకు పింఛను. దారిలో ఉన్నవాళ్లకు పరీక్ష కూడా లేదు. బోదకాలు ఉన్న మనిషికి పింఛనుతో పాటు రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, పుండు పడకుండా చూసుకునే పద్ధతి నేర్పాలి. కాలికి చీము పట్టి జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకో మెట్టు ఎక్కుతుంది. పెళ్లిపందిట్లో బోదకాలు మనిషిని దూరంగా కూర్చోబెట్టే అలవాటు మన వాడల్లోనూ ఉంది. అంటరానితనం ఏమిటో తెలిసినవాళ్లం మనం, అది మానుకోవాలి.

దళితుల సంగతి ఈ అడవి అంచున కొంచెం చిక్కుగా ఉంటుంది. ఇక్కడి చాలా ఊళ్లలో కోయ గూడెం పక్కనే మాల, మాదిగ వాడ ఉంటుంది. 1/70 చట్టం ఆదివాసుల భూమికి కంచె, ఆ కంచె ఉండి తీరాలి. దాన్ని తీసేయమని అడిగేవాళ్లతో మేం లేం. అయితే భూమి లేని దళితుడు అటు ఐటీడీఏ లెక్కలోకి రాడు, ఇటు మైదానంలోని ఎస్సీ కార్పొరేషన్ దృష్టికి ఆనడు. అటవీ హక్కుల చట్టం అతన్ని మూడు తరాలు, 75 ఏళ్లు ఇక్కడే ఉన్నట్టు రుజువు తెమ్మంటుంది. ఐటీడీఏ వైద్య శిబిరం గూడెంలో పెడితే వాడ నుంచి వెళ్లి చూపించుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ శిబిరం ఎక్కడ పెట్టాలో నిర్ణయించే కాగితంలో వాడ పేరు ఉండదు. ఇక 2005 తర్వాత సల్వాజుడుం మంటల్లోంచి ఇటు వచ్చిన గుత్తికోయలు ఇంకా కింద ఉన్నారు. వాళ్లు అక్కడ ఎస్టీలు, ఇక్కడ ఆ ధ్రువపత్రం దొరకదు. మన మిర్చి కోసేది, మన పత్తి ఏరేది వాళ్లే. వాళ్ల కాళ్లు వాస్తే ఏ రిజిస్టరులో రాస్తారు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి. ఇది రాష్ట్రాల సగటు. మడిలో దిగే ఆడవాళ్లను మాత్రమే లెక్కపెడితే ఎంత వస్తుందో ఊహించుకోవచ్చు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఇవే ఊళ్లు రోజుల తరబడి గుట్టల మీద, పునరావాస శిబిరాల్లో ఉన్నాయి. పోలవరం నిండితే చాలా ఊళ్లు ఇక శాశ్వతంగా లేస్తాయి. నిర్వాసితులకు ఇచ్చే ప్యాకేజీలో ఇల్లుంది, డబ్బుంది. అడవిలో దొరికిన దుంపలూ ఆకుకూరలూ చేపలూ పోతే కంచంలోకి ఏం వస్తుందో అందులో లేదు.

కాబట్టి అడగాల్సినవి చిన్నవే. ప్రతి ఉప కేంద్రంలో బీపీ మిషను, హిమోగ్లోబిన్ పరీక్ష, మూత్రం పుల్లలు ఉండాలి. కాళ్లు వాచిన ప్రతి మనిషికీ క్రియాటినిన్ పరీక్షకు రక్తం తీసి పంపాలి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌లు 2021 నుంచి జిల్లాల్లోనూ ఉన్నాయి, ఆ పరీక్ష అక్కడ ఉచితం. గూడెం నుంచి నమూనా అక్కడికి చేరాలి, ఫలితం తిరిగి గూడెం చేరాలి. చింతూరు వైపు మనిషి భద్రాచలంలో చూపించుకుంటే ఏ రాష్ట్రం కార్డైనా చెల్లేలా రెండు ప్రభుత్వాలు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. నీళ్ల పంపకాల మీద ఇన్నిసార్లు కూర్చున్నవాళ్లు దీనికోసం ఒక్కపూట కూర్చోవచ్చు. ఒక ఊళ్లో ఇద్దరు ముగ్గురు వాపుతో చనిపోతే, నాలుగో మనిషి కోసం ఎదురుచూడకుండా హైదరాబాద్ పోషకాహార సంస్థ నుంచి బృందం రావాలి. చూసింది ఏమిటో తెలుగులో, కోయలో గ్రామసభలో చదివి వినిపించాలి.

అంతవరకు మన చేతిలో ఉన్నది ఒకటి చేద్దాం. వాడలో, గూడెంలో ఎవరి కాలు వాచినా ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఏ తేదీన మొదలైంది, ఒక కాలా రెండు కాళ్లా, ముఖం ఉబ్బిందా, పడుకుంటే ఆయాసం ఉందా, మూత్రం ఎలా ఉంది, ఏ గోళీలు వాడుతున్నారు, ఏం తింటున్నారు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ పేజీ తీసుకెళ్లండి. పరీక్ష చేస్తే దాని కాగితం అడిగి తెచ్చుకోండి. ఇవ్వనంటే, ఇవ్వనన్న తేదీ కూడా అందులోనే రాయండి. రేగడగట్ట వాళ్లు చేసింది అదే, కాకపోతే వాళ్లు రాయడం మొదలుపెట్టేసరికి చాలా ఆలస్యమైంది. నోటుబుక్కును ప్లాస్టిక్ కవరులో చుట్టి పైన అటక మీద పెట్టండి, గోదావరి ఎక్కినప్పుడు తడవకుండా.